దిగుడు చూసి నిలిపే బండి

ఏ ఊరికి పెళ్లి సామాను తోలినా ముందు నా కళ్లు దిగుడు ఎక్కడుందా అని వెతుకుతాయి. పందిరి ఎక్కడ వేయాలి, పొయ్యిలు ఎక్కడ పెట్టాలి అనేవన్నీ ఆ తర్వాతే. నా పాత పికప్ ముక్కు పల్లానికి తిప్పి, చక్రం కింద రాయి అడ్డం పెడితే గానీ నాకు స్థిమితం ఉండదు. సెల్ఫ్ ఎత్తుకోని రోజున నలుగురిని బతిమాలుకునే పని లేకుండా, రాయి తీసి, రెండో గేరులో క్లచ్ వదిలితే చాలు, డగడగమని లేస్తుంది.

నాది చంద్రగిరిలో షామియానా, వంట పాత్రలు, కుర్చీలు బాడుగకిచ్చే అంగడి. దామలచెరువు పక్కన నాయన వాటాగా వచ్చిన కొంచెం మామిడి తోట ఉంది, అంతా తోతాపురే. 2021లో ఒక పాత డీజిల్ పికప్ కొన్నాను. 2007 మోడల్, ఏపీ 03 నంబరు. అంటే ఇప్పటికి పద్దెనిమిదేళ్లు దాటిన బండి. కంపెనీ పేరు రాయను. ఇన్నేళ్లు ముగ్గురు నలుగురి చేతుల్లో నలిగిన బండికి వచ్చిన రోగాలను తయారుచేసిన వాళ్ల మీద వేయడం న్యాయం కాదు. పైగా ఆ కాలపు డీజిల్ పికప్‌లన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. మీరు ఏది కొన్నా ఇక్కడ రాసేదాంట్లో ముప్పాతిక వంతు మీకూ తగులుతుంది.

"పాత పికప్ తీసుకోవచ్చా అన్నా?" అని అడిగిన వాళ్లను నేను ఎదురడిగేది ఒకటుంది. నీ ఇంటికీ, నీ మాట వినే మెకానిక్ షెడ్డుకీ ఎంత దూరం? పది కిలోమీటర్ల లోపైతే కూర్చోబెట్టి టీ ఇప్పిస్తాను. అంతకు మించితే వద్దని చెప్పి పంపిస్తాను. ఈ నాలుగేళ్లలో ఈ బండి నా డబ్బు తినలేదని అనను. కానీ డబ్బు కంటే నా పొద్దుటి పూటలనే ఎక్కువగా తినేసింది.

కొన్నప్పటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం తప్పులు అక్కడే జరుగుతాయి. ఇరాల మండలంలో ఒక పాల వ్యాపారి దగ్గర బండి ఉందని తెలిసి, బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాను. మేము వెళ్లేసరికి ఆయన బండిని కడిగి, బొట్టు పెట్టి, రోడ్డు మీద నిలబెట్టి ఉన్నాడు. బానెట్ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. డీజిల్ ఇంజిన్ ఎంత ముసలిదైనా వేడి మీద ఒక్క తాకుకి లేస్తుంది. దాని అసలు గుణం చల్లారాకే బయటపడుతుంది. "ఇంత దూరం వచ్చినాం, కాణిపాకం దర్శనం చేసుకుని వస్తా. అందాక బండి ముట్టుకోవద్దు సామీ" అని చెప్పి, బావమరిదిని కాపలాగా బండి పక్కనే అరుగు మీద కూర్చోబెట్టి వెళ్లిపోయాను. క్యూ ఎక్కువగా ఉండి మూడు గంటలు పట్టింది. మంచిదే అయింది.

తిరిగొచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ మూడుసార్లు మూలిగి నాలుగోసారికి ఎత్తుకుంది. వెనక తెల్లటి పొగ బుస్సుమని వచ్చి, నిమిషంలో పలచబడి పోయింది. ఈ పొగల లెక్క కొనేవాళ్లు తెలుసుకోవాలి. చల్లటి ఇంజిన్ నుంచి కాసేపు తెల్ల పొగ వస్తే అది సరిగా మండని డీజిల్, దానికి భయపడనక్కర్లేదు. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ హెడ్డు కింద ఉండే పట్టీ, పోయి నీళ్లు లోపలికి దిగుతున్నాయేమోనని అనుమానించాలి. యాక్సిలరేటర్ తొక్కితే నల్లగా కక్కుతోందంటే గాలి చాలడం లేదు, లేదా ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే పంపూ నాజిళ్లూ ఎక్కువ పోస్తున్నాయి. ఎయిర్ ఫిల్టర్ మార్చడంతోనే తీరిపోవచ్చు కూడా. నీలం పొగ వచ్చిందంటే మాత్రం ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఆ తర్వాత ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, దాన్నే తిరగేసి ఆ బొక్క మీద పెట్టాను. మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనేది ఇక్కడే తెలుస్తుంది. పిస్టన్ రింగులు అరిగిపోతే పైన మండిన గాలి పిస్టన్ పక్కల నుంచి కిందికి జారి, ఈ బొక్కలోంచి ఉబికి మూతను ఎగరగొడుతుంది. నా బండి మూత ఎగరలేదు. పాయసం మీద మూతలా టకటకమని ఆడుతూ కూర్చుంది. పద్నాలుగేళ్ల ఇంజిన్‌కి అది మంచి గుర్తే.

కిలోమీటర్ల మీటరు 1,48,302 దగ్గర ఆగిపోయి ఉంది. "ఎన్నాళ్లయింది ఇది నిలిచిపోయి?" అంటే "మొన్న మొన్నటి దాకా తిరిగింది సామీ" అన్నాడు. "కాణిపాకం పక్కనే కదా, ప్రమాణం చేస్తావా?" అన్నాను. అక్కడ అబద్ధపు ప్రమాణం చేస్తే వినాయకుడు ఊరుకోడని మా జిల్లా మొత్తానికీ నమ్మకం. ఊరి పంచాయతీల్లో తేలని తగవులు కూడా ఆ కోనేటి దగ్గరికే పోతాయి. ఆయన గట్టిగా నవ్వి, "ప్రమాణాలెందుకులే, ఇంకో ఐదువేలు తగ్గించుకో" అన్నాడు. అట్లా 1,95,000 బండి 1,90,000కి వచ్చింది. మీటరు ఇప్పటికీ అదే అంకె చూపిస్తోంది, నేనూ బాగు చేయించలేదు. ఆయిల్ మార్చాల్సిన లెక్క డైరీలో తేదీలతో చూసుకుంటాను.

అంత తెలివి చూపించి ఒకచోట బోల్తా పడ్డాను. పాలు తోలిన బండి అంటే రోజూ పాలు ఒలికి, రోజూ నీళ్లు కొట్టి కడిగిన బండి. పైన కొత్త రేకు వేసి పెయింట్ కొట్టేశారు, కింద అడ్డ చట్రాలు చెదపట్టిన వాసాల్లా ఉన్నాయి. నేను బాడీ కిందికి దూరి స్క్రూడ్రైవర్‌తో ఒక్కచోట పొడిచి చూసినా తెలిసేది. రెండో నెలలో అన్నపు గుండిగల బరువుకి రేకు చిల్లుపడి, ఒక ఇనుప బల్ల కాలు కిందికి దిగబడి రోడ్డుకి రాసుకుంటూ వచ్చింది. టింకరింగ్ పనికి 11,000. పాల బండి, చేపల బండి, ఉప్పు తోలిన బండి, వీటిని పైనుంచి చూసి ఎవరూ కొనకండి.

మొదటి మూడు నెలల్లో పెట్టిన మిగతా ఖర్చు డైరీలో ఇలా ఉంది. నాలుగు టైర్లు 26,000, పంపు కాలిబ్రేషన్, నాజిళ్లు కలిపి 14,000, క్లచ్ సెట్టు 9,500, బ్యాటరీ 6,500, రేడియేటర్ 4,500. మొత్తం 60,500. ఇది నా దురదృష్టం కాదు, పాత బండి అమ్మే ప్రతి మనిషీ ఈ పనులన్నీ దగ్గరికి వచ్చాయని తెలిసే అమ్ముతాడు. కాబట్టి చేతిలో రెండు లక్షలుంటే రెండు లక్షల బండి చూడకండి. లక్షన్నరలో చూసి, యాభై వేలు పక్కన పెట్టుకోండి.

రేడియేటర్ సంగతి మా ప్రాంతానికి ప్రత్యేకం. పాత ఓనరు బోరు నీళ్లే పోసేవాడు. మా వైపు బోరు నీళ్లలో ఎంత ఉప్పుంటుందో ఇంట్లో వేడినీళ్ల హీటర్ చూస్తే తెలుస్తుంది. విప్పితే రేడియేటర్ గొట్టాల్లో సున్నం కొట్టినట్టు తెల్లగా గట్టిపడి ఉంది. కొత్తది వేసి కూలెంట్ పోశాను, ఇంజిన్ లోపల పట్టిన ఉప్పు మాత్రం అట్లాగే ఉండిపోయింది. దాని ఫలితం 2024 ఎండాకాలంలో కనిపించింది. పలమనేరుకి కుర్చీలు తీసుకెళ్తూ మొగిలి ఘాట్ ఎక్కుతుంటే వేడి ముల్లు ఎరుపులోకి పోయింది. నేను చూసి ఆపేసరికే ఆలస్యమైంది. హెడ్ గాస్కెట్, హెడ్డు లేత్‌లో సాపు చేయించడం, కూలీ అన్నీ కలిపి 17,500. అప్పటి నుంచి ఘాట్ ఎక్కేటప్పుడు ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ఆ ముల్లు మీద.

ఇక అన్నిటికంటే ఎక్కువగా గుర్తున్న రాత్రి 2023 మే నెలలోది. చిన్నగొట్టిగల్లులో పెళ్లి. పొద్దున టిఫిన్లకు ఇడ్లీ పాత్రలు, గ్యాస్ పొయ్యిలు తెల్లవారుజాము నాలుగుకల్లా దించాలి. రెండున్నరకి బయల్దేరి రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కుతున్నాం. సగం దూరంలో బండికి ఆయాసం వచ్చినట్టయింది. ఎంత తొక్కినా ముందుకు పోదు. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. రెండు వైపులా అడవి, ఏనుగులు తిరిగే చోటు. నాతో ఉన్న పిల్లోడు కిందికి దిగనంటాడు. ట్యాంకులో డీజిల్ ఉంది, సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం పట్టుకోవడం లేదు.

మెకానిక్ అన్నకి ఫోన్ చేస్తే ఆరోసారికి ఎత్తాడు. నిద్ర గొంతుతోనే చెప్పాడు. "డీజిల్ పైపులో ఎయిర్ పట్టింటాది. భయపడాకు. డీజిల్ ఫిల్టర్ మీద చిన్న స్క్రూ ఉంటాది, అర చుట్టు తిప్పు. పక్కన బొత్తాం మాదిరి పంపు ఉంది చూడు, దాన్ని నొక్కతానే ఉండు." పిల్లోడు ఫోన్ లైటు పట్టుకున్నాడు. స్క్రూ వదులు చేసి బొటనవేలితో ఆ బొత్తాం పంపు నొక్కడం మొదలుపెట్టాను. మొదట ఉస్సుమని ఒట్టి గాలి. తర్వాత సోడా కొట్టినట్టు నురుగు. నురుగులోంచి పెద్ద పెద్ద బుడగలు, ఆ తర్వాత ఆవగింజంత బుడగలు. వేలు మొద్దుబారింది, డీజిల్ మోచేతి దాకా కారింది. ఎంతసేపు నొక్కానో తెలియదు, ఒక్కసారిగా బుడగ లేకుండా నూనె దారంలా సన్నగా, తేటగా డీజిల్ వచ్చింది. "నొక్కతానే బిగించు, వదిలినావంటే మళ్లీ పీల్చుకుంటాది" అన్నాడు ఫోన్లో. బిగించి సెల్ఫ్ కొడితే రెండు దగ్గులు దగ్గి లేచింది. ఆ చప్పుడంత ఇంపైన చప్పుడు నేను అంతకుముందు వినలేదు.

భాకరాపేట చేరేలోపు ఇంకో రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ నేనే గాలి తీశాను. పెళ్లివారికి ఇడ్లీలు గంటన్నర ఆలస్యమయ్యాయి, పెళ్లికూతురి మేనమామ బాడుగలో రెండువేలు కోసేశాడు. ఆయన్ను తప్పు పట్టలేను. తెల్లారాక చూస్తే తేలింది ఏమిటంటే, ఫిల్టర్‌కి పైపు కలిసేచోట రాగి వాషర్ అరిగి నొక్కుకుపోయి ఉంది. డీజిల్ బయటికి కారదు, కానీ గాలి లోపలికి వెళ్లడానికి ఆ సందు చాలు. కొత్త వాషర్ పది రూపాయలు. అప్పటి నుంచి సీటు కింద ఒక డబ్బాలో ఆ వాషర్లు అర డజను, ఒక డీజిల్ ఫిల్టర్, ఫ్యాన్ బెల్టు, రెండు క్లిప్పులు, అడుగున్నర డీజిల్ పైపు, పది, పదమూడు, పద్నాలుగు స్పానర్లు పెట్టుకుని తిరుగుతున్నాను. ఎన్నిసార్లు వాడానని అడక్కండి.

ఈ కాలపు బండ్లు నడిపిన వాళ్లకు ఇవన్నీ వింతగా ఉంటాయి. నా బండిలో తాళం తీసేసినా ఇంజిన్ ఆగదు. డ్యాష్‌బోర్డు కింద ఒక నాబ్ ఉంటుంది, దాన్ని బయటికి లాగితే పంపుకి డీజిల్ కట్ అయ్యి ఆగుతుంది. మా బావమరిది మొదటిసారి నడిపినప్పుడు తాళం చేతిలో పట్టుకుని, బండి ఆగడం లేదని వీధంతా వినబడేలా అరిచాడు. కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. పొగ శుద్ధికి యూరియా నీళ్లు పోసే పని లేదు, పొగ గొట్టంలో మసి ఫిల్టర్ మూసుకుపోయిందని లైటు వెలిగేది లేదు. ఒకసారి లేచిందంటే బ్యాటరీ చచ్చినా ఇంటిదాకా వస్తుంది. అందుకే ఏ పల్లెలో ఆగినా ఎవరో ఒక ట్రాక్టర్ మెకానిక్ చెయ్యి పెట్టగలడు. ఈ ఒక్క సుఖం కోసమే ఎన్ని తలనొప్పులైనా భరిస్తున్నాను.

బ్రేకుల గురించి ఒక మాట, ఇది హాస్యం కాదు. మా వైపు కొందరు డ్రైవర్లకి ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి ఇంజిన్ ఆపేసే అలవాటుంది. ఈ బండ్లలో బ్రేకుకి బలం ఇచ్చేది వ్యాక్యూమ్, అంటే గాలి లాగేసిన ఖాళీ. ఆ వ్యాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనక ఉంటుంది, ఇంజిన్ తిరిగితేనే అది తిరుగుతుంది. ఇంజిన్ ఆపితే రెండు మూడుసార్లు బ్రేకు పడుతుంది, ఆ తర్వాత పెడల్ బండరాయే. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న ధర్మవరం వాళ్ల బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడింది. నేను వారానికోసారి పోయే రోడ్డు అది. ఎక్కిన గేరులోనే దిగుతాను, వెనక ఎంతమంది హారన్ కొట్టినా సరే. సామాను మీద మనుషులను ఎక్కించడం కూడా ఆ ఏడాదే మానేశాను. పెళ్లివారు కోప్పడతారు, పడనీ.

మైలేజీ ఖాళీగా పదకొండు, లోడుతో తొమ్మిది. చిత్తూరు వైపు బాడుగ తగిలితే నరహరిపేట దాటి తమిళనాడు బంకులో ట్యాంకు నింపుకుంటాను, పలమనేరు వైపు వెళ్తే కర్ణాటక బంకులో. మన దగ్గర కంటే రెండు చోట్లా డీజిల్ తక్కువే. ఆ తేడా కోసం పనిగట్టుకుని పోవడం మాత్రం తెలివితక్కువ, నేనొకసారి చేశాను. తిరుపతి టౌన్‌లోకి వెళ్లాలంటే పవర్ స్టీరింగ్ లేని బాధ తెలుస్తుంది. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ వచ్చాక కొంత నయం. కానీ గాంధీ రోడ్డు సందుల్లో లోడు బండి తిప్పి వచ్చిన రాత్రి అన్నం కలపడానికి చెయ్యి లేవదు. క్యాబిన్‌లో వేడి సంగతి మా ఆవిడని అడగండి. ఒక్కసారి ఎక్కింది, అంతే.

కాగితాల సంగతి. గూడ్స్ బండికి ఎనిమిదేళ్లు దాటాక ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఏటా చేయించాలి. నా బండికి పదిహేనేళ్లు నిండిందీ, అట్లాంటి బండ్లకు ఎఫ్‌సీ ఫీజులు బాగా పెంచిందీ ఒకే ఏడాది, 2022లో. నా అదృష్టం అట్లా ఉంటుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కొత్త పొగ నియమాల కింద వచ్చిన బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాది చెల్లుతుంది, నాలాంటి పాతవాటికి ఆరు నెలలే. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే కడుతున్నాను, పన్నుతో కలిపి 18,000 దాకా అయింది. బండి విలువతో పోలిస్తే ఇది పెద్ద దెబ్బే, కొనేముందు ఎవరూ దీన్ని లెక్కలో వేసుకోరు. ఊరట కలిగించేవి రెండున్నాయి. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అవసరం లేదు. ఇక కారు లైసెన్స్‌తో, అంటే ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో, 7,500 కిలోల లోపు గూడ్స్ బండి నడపవచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది. డ్రైవర్ రాని రోజు నేనే ఎక్కుతాను.

ఇన్ని చెప్పాక దీన్ని ఎందుకు ఉంచుకున్నావని అడుగుతారు. 2025 జూన్ సంగతి చెబుతాను. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, సరిగ్గా అప్పుడే తోతాపురి కోతకి వస్తుంది. షామియానా వాడికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. 2025 సీజన్‌లో కాయ ధర ఎట్లా పడిపోయిందో మా జిల్లాలో అందరికీ తెలుసు. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం తన వంతుగా 4 కలిపి మొత్తం 12 చేస్తుందని చెప్పారు. ధర ఎట్లున్నా ముందు కాయ గేటు లోపలికి పోవాలి కదా. చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు, పికప్‌లు, లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయాయి. మాకు రెండు రాత్రులు, మూడు పగళ్లు పట్టింది.

నా ముందున్న రైతు బాడుగ బండిలో వచ్చాడు. రెండో రోజు పొద్దుటికి ఆ డ్రైవర్ వెయిటింగ్ చార్జీ కింద రోజుకి వెయ్యి అడుగుతున్నాడు. డ్రైవర్ తప్పు కూడా కాదు, అతనికి నెలాఖరుకి ఫైనాన్స్ వాడు వస్తాడు. వెనక ఉన్నది కొత్త పికప్, ఓనరే నడుపుతున్నాడు, నెలకి 19,000 కంతు అట. క్యూలో నిలిచిన ప్రతి రోజూ అతని మొహంలో ఆ అంకె కనిపిస్తూనే ఉంది. నా బండికి ఎవరికీ ఏమీ కట్టేది లేదు. బండి కింద పట్ట పరుచుకుని పడుకున్నాను. ఇంటి నుంచి సంగటి, ఊరిబిండి పచ్చడి వస్తే ముగ్గురం పంచుకున్నాం. అడుగున కాయలు మాగి రసం కారి, బాగు చేయించిన చట్రం మీద ఈగలు ముసిరాయి. వరస పది అడుగులు కదిలినప్పుడల్లా అందరూ ఇంజిన్లు స్టార్ట్ చేస్తుంటే నేను మాత్రం బ్రేకు వదిలి దొర్లించేవాణ్ణి. అక్కడ రోడ్డు కొంచెం దిగుడు.

డైరీ ప్రకారం మొదటి ఏడాది తర్వాత రిపేర్లకి ఏటా నలభై, యాభై వేల మధ్య అవుతోంది. కొత్త బండి కంతు రెండున్నర నెలల డబ్బు అది. అయితే డైరీలో రాయనివి వేరే ఉన్నాయి. పొద్దున ఐదుకి షెడ్డు షట్టర్ ముందు కూర్చున్న రోజులు, ఒక నాజిల్ కోసం చెన్నై పుదుపేట స్పేర్ పార్టుల బజారు దాకా బస్సులో పోయి వచ్చిన రోజు, మూఢంలో బండి నెల రోజులు కదలకుండా నిలిస్తే ఎలుకలు వైరింగ్ కొరికేసి హెడ్‌లైట్ వేస్తే హారన్ మోగిన రోజు. నాకు సొంత అంగడి కాబట్టి గడిచింది. రోజూ ఒకే టైముకి పాలు, కూరగాయలు, పార్సిళ్లు చేర్చాల్సిన వాళ్లకి ఈ బండి పనికిరాదు. రోజుకి రెండు వందల కిలోమీటర్లు తిరిగే వాళ్లకూ పనికిరాదు. వారానికి మూడు నాలుగు బాడుగలు, అన్నీ వంద కిలోమీటర్ల లోపు, చేతికి మసి అంటితే చిరాకు పడని మనిషి, వీళ్లకైతే దీనికంటే లాభం ఇంకోటి లేదు.

2025 సెప్టెంబర్‌లో గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గినప్పటి నుంచి బావమరిది కొత్త బండి కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడు. "ఏసీ ఉంటాది బావా, పవర్ స్టీరింగ్ ఉంటాది, ఇంకా ఎన్నాళ్లు రాళ్లు మోస్తావు?" అంటాడు. నా బండికి 1,60,000 ఇస్తానని ఒక ఇటుకల బట్టీ ఆయన కూడా వచ్చాడు. పొద్దున్నే, చెప్పకుండా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చాడు. తెలిసిన మనిషి. మూత విప్పి తిరగేసి పెట్టి చూశాడు, బాడీ కిందికి దూరి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. మీటరు ఎన్నాళ్ల నుంచి ఆగిందని అడిగాడు. నేను నవ్వాను, ఏమీ తగ్గించలేదు.

వారం నుంచి మూడో గేరు యాక్సిలరేటర్ తొక్కితే జారి న్యూట్రల్‌కి వచ్చేస్తోంది. ఎడమ చేత్తో రాడ్ పట్టుకునే నడుపుతున్నాను. మెకానిక్ అన్న బండి ఎక్కి అంగడి వీధి చివరి దాకా ఒక రౌండ్ వేసి వచ్చి, "గేరుబాక్సు దించాల్సిందే సామీ, నాలుగు రోజుల పని" అన్నాడు. కార్తీకంలో పదకొండు పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నాను. అవి అయ్యాక దించుదామన్నాను.